మా స్టేడియం నడుమ కొబ్బరిచెట్టు

మా ఊరికి ఒకప్పుడు స్టేడియం ఉండేదంటే పలాసవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. పూండి స్టేషన్లో దిగి సముద్రం వైపు నడుస్తూ ఎవర్ని అడిగినా దారి చూపించేవారు. చూపించి, "అక్కడేటుంది, ఇసక" అనేవారు. అదీ నిజమే.

ఆ ఇసక మా నాన్నమ్మది. తొంభైల చివర్లో ఒక తుఫానొచ్చి, తెల్లారి చూసేసరికి చర్చి వెనక మా కొబ్బరితోట మొత్తం ఒకేవైపు తలపెట్టి పడుకుంది. సరిగ్గా నడుమన ఒక్క చెట్టు మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. నాన్నమ్మ కొన్నాళ్లు ఆ మానుల మధ్యే తిరిగింది. తర్వాత పడిన మానులు కోయించి, మోడులు పెళ్లగింపించి, నేలంతా చదును చేయించింది. మళ్లీ మొక్కలు వేయడానికే. ఆవిడ చేసిన పొరపాటల్లా, చదును చేసిన నేలని ఖాళీగా వదలడం.

సరిగ్గా అప్పుడే మా హైస్కూలుకి కొత్త డ్రిల్లు మాస్టారు వచ్చారు. టెక్కలి మనిషి. ఆయనకి కబడ్డీ రాదు, ఖోఖో అంటే పడదు, కాలేజీలో నేర్చుకున్న బేస్‌బాల్ ఒక్కటే వచ్చు. అంచేత మాకూ అదే వచ్చింది. మగపిల్లలు క్రికెట్ వదలం పొమ్మన్నారు. మిగిలింది ఆడపిల్లలం.

ఆట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒకమ్మాయి బంతి విసురుతుంది, ఇంకో అమ్మాయి బాదుతుంది, బాది పరిగెడుతుంది. మూడు బేసులు తొక్కి, మొదలెట్టిన చోటికి తిరిగొస్తే ఒక పరుగు. ఆ మొదలెట్టిన చోటుని హోమ్ అంటారు. బంతి నేలకి తగలకముందే ఎవరైనా పట్టేస్తే బాదినమ్మాయి అవుట్. మా బేసులు ఇసక నింపి గోతుల్లో దించిన జీడిపిక్కల గోనెలు. హోమ్‌కి రబ్బరు పలక ఉండాలట. నాన్నమ్మ వంటింటి పీట తెచ్చి పాతేశాం. దాని వెనక కూర్చుని బంతి అందుకునే పని నాది. ఆ పీట దగ్గర నేను కూర్చున్నంతసేపు మా నాన్నమ్మ జన్మలో కూర్చుని ఉండదు.

ఇక నడుమనున్న చెట్టు. మాస్టారు మా ఇంటికొచ్చి, "మధ్యలో చెట్టుంటే ఎలాగమ్మా, కొట్టించెయ్యండి" అన్నారు.

నాన్నమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "కన్నకొడుకు కూడెట్టకపోయినా కొబ్బరిసెట్టు పెడతాది, బాబూ. దాన్ని కొట్టమంతావేటి? నీ ఆటనే అటేపు జరుపుకో."

ఆ కన్నకొడుకు, అంటే మా నాన్న, పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడు. ఇంకాస్త చారు పోసుకున్నాడు.

ఆట అటేపు జరగలేదు, చెట్టే ఆటలో చేరింది. చెట్టుకి తగిలి పడే బంతిని పట్టినా అవుటేనని మాస్టారు రూలు పెట్టారు.

ఆ స్టేడియం చరిత్రలో ఘట్టాలకేం కొదవలేదు. మా మేనమామ కూతురు, నాకు వదిన, ఒకసారి కొట్టిన బంతి కిటికీలోంచి చర్చిలోకి పోయింది. లోపల ఆడవాళ్ల ప్రార్థన జరుగుతోంది. చర్చి అయ్యగారు కళ్లు తెరవకుండా ప్రార్థన ముగించి, ఆమెన్ చెప్పి, బయటికొచ్చి బంతి విసిరారు. సూటిగా రెండో బేసుకి. ఆయన్ని జట్టులో వేసుకునే వీలు లేదని మాస్టారు చాలాకాలం బాధపడ్డారు. ఇంకోసారి బారువ జట్టు అభిమానంగా తెచ్చిన ఎండుచేపల మూట మూడో బేసు దగ్గర కుక్కలపాలైంది. ఆట ఆగింది గానీ కుక్కలు ఆగలేదు. గెలిచిన ఘట్టం మాత్రం ఒక్కటీ లేదు.

నేను పదో తరగతికొచ్చిన ఏడు పెరట్లోకి కొబ్బరిమొక్కలు దిగాయి. "తొలకరికి ఏసెత్తాను," అంది నాన్నమ్మ.

నా ప్రాణం ఉసూరుమంది. ఆ ఇసకలో ఉన్నంతసేపే నన్నెవరూ నీళ్లు తెమ్మని, అంట్లు తోమమని పిలిచేవారు కాదు. ఆ చోటు పోతుందంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఆ మొక్కల పక్కనే కూర్చుని. వాటిని చూస్తే ఒళ్లు మండేది.

నా పోరు పడలేక చివరికి నాన్నమ్మ ఒక మాటంది. "సెనివారం పలాసోలు ఆటకి వత్తన్నారంట గదా. గెలవండి, ఈ ఏడుకి ఒగ్గెత్తాను. ఓడిపోతే మరి నోరెత్తకు."

పలాస పిల్లలు బూట్లతో, ఒకే రంగు బనీన్లతో ఆటోల్లో దిగారు. మేం చెప్పుల్లేకుండా ఆడాం. ఏ దేవుడు కరుణించాడో, ఆట చివరికొచ్చేసరికి ఒక పరుగు మాదే పైన. వాళ్లలో ఇంకొక్కరు అవుటైతే గెలుపు మాది. కాకపోతే బేసుల మీద వాళ్ల పిల్లలిద్దరు కాచుకుని ఉన్నారు. వాళ్ల పొడుగుపిల్ల వచ్చి బంతిని చితక్కొట్టింది. అది ఎగిరెగిరి కొబ్బరిచెట్టు తలలోకి పోయింది. సరిగ్గా కింద మా వదిన. దోసిలి పడితే చాలు.

చెట్టు తలలో గలగలమంది.

మా ఉద్దానం పల్లెల్లో నడక కన్నా ముందు నేర్పే విద్య ఒకటుంది. నెత్తిమీద కొబ్బరిచెట్టులో చప్పుడైతే పైకి చూడకూడదు. రెండు చేతులూ బుర్రమీద పెట్టుకుని పరిగెత్తాలి. వదిన పరిగెత్తింది. రెండో బేసు కాసే మా పిల్ల పరిగెత్తింది. వాళ్లంటే చెట్టుకి దగ్గరున్నారు, మొదటి బేసు పిల్లకేం వచ్చిందో, అదీ పరిగెత్తింది. చూడ్డానికొచ్చిన ఊరంతా "ఓలమ్మో" అంటూ వెనక్కి జరిగింది, అయ్యగారితో సహా. నెత్తిమీద ఆకాశం తప్ప ఏమీ లేని నేను కూడా పీట వెనక బుర్ర పట్టుకుని ముడుచుకున్నాను. "బంతి! బంతి!" అని అరుస్తున్నది మాస్టారొక్కరే. టెక్కలి టౌను మనిషి, ఆయనకేం తెలుసు.

కాయ పడలేదు. బంతి ఆ మట్టా ఈ మట్టా తట్టుకుని, వదిన వదిలిపోయిన చోటే తీరిగ్గా ఇసకలో పడింది. పలాస బూట్లు ఒకదాని వెనక ఒకటి నా ముందు పీట తొక్కి వెళ్లాయి. రెండు పరుగులు, గెలుపు వాళ్లది.

"చేతిలో పడే బంతి వదిలేసి పారిపోయావేమ్మా?" అన్నారు మాస్టారు, ఏడుపు గొంతుతో.

"కాయనుకున్నాను, మేస్టారూ," అంది వదిన.

"కాయ కాదుగా!"

"అది పడ్డాక తెలిసింది."

నాన్నమ్మ గబగబా వచ్చింది. దెప్పుతుందనుకున్నాను. వదిన తల తడిమింది, నా తల తడిమింది. "బుర్రలు బాగున్నాయి. సాలు," అని ఇంటికి వెళ్లిపోయింది.

తొలకరికి మొక్కలేసింది. బేసుల గోతులు తవ్వే ఉన్నాయి కదా అని మొదట వాటిలోనే పాతించింది. పీట ఉన్న చోట మాత్రం గొయ్యి తియ్యనివ్వలేదు. "మేకలు రాకుండా కాయడానికి నాకో సోటొద్దా?" అని గొడుగు వేసుకుని ఆ పీట మీదే కూర్చునేది. నీళ్లు పోసే పని నాకే పడింది. తిట్టుకుంటూ పోశాను. టెక్కలిలో ఉద్యోగం వచ్చేదాకా పోశాను.

మొదట పాతిన ఆ మూడు చెట్లు కాపుకొచ్చిన ఏడు సెలవుకి ఇంటికెళ్తే, నాన్నమ్మ పీట మీద నుంచి లేవకుండానే పని చెప్పింది. "రాలిన కాయలు ఏరుకు రాయే." బుట్ట పట్టుకుని బయల్దేరాను. మొదట అటు చివరి చెట్టు, తర్వాత పెద్దచెట్టుకి ఇవతలది, తర్వాత చర్చి పక్కది. బుట్ట తెచ్చి ఆవిడ ముందు దించాను.

"ఒకటి," అంది.

"ఒకటేటి? బుట్టెడున్నాయి."

"పరుగే," అంది నాన్నమ్మ, కాయలకేసి చూస్తూనే. "మూడూ తొక్కీసి వచ్చినావు గదా."

ఆటంటే ఏమిటో ఆవిడకి తెలియదనే అనుకున్నాను ఇన్నేళ్లూ. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆవిడ పీట మీద ఒక పక్కకి జరిగి, నన్ను కూర్చోమంది.