ఫోన్లో పళ్ళు చూడని డాక్టరు

ఒక పళ్ళ డాక్టరు తన పరువు తానే ఎలా తీసుకున్నాడో చెబుతాను. మీరు నిక్షేపంగా నవ్వుకోవచ్చు. ఆ డాక్టర్ని నేనే.

గుంటూరులో ఎత్తుపళ్ళకు, వంకరపళ్ళకు తీగలు కట్టడం నా వృత్తి. కొత్తగా బోర్డు పెట్టిన రోజుల్లో నాకో నియమం ఉండేది. మామూలు పళ్ళ డాక్టర్లు ఫోన్లో సలహా అడిగితే చచ్చినా చెప్పకూడదు. "పేషెంటును ఇక్కడికి పంపండి" అనేవాణ్ణి, తీర్థం ఇచ్చినంత గంభీరంగా.

కనిగిరిలో పళ్ళ డాక్టరు ప్రసాద్ ఒకసారి బతిమాలాడు.

"సార్, మీరు తీగ కట్టిన రూతు అనే అమ్మాయిది మా ఊరేనండి. మిరపకోతలప్పుడు వాళ్ళమ్మ కూలి మానుకుని గుంటూరు రాలేకపోతోంది. ఎలా బిగించాలో మీరు చెప్తే నేను చేస్తానండి."

"పళ్ళు ఫోన్లో బిగించేవి కావయ్యా!" అని పెట్టేశాను. ఆ సంగతి అంతటితో మర్చిపోయాను కూడా.

ఏడాది తిరిగేసరికి పెద్ద డాక్టర్లంతా వీడియోలో సలహాలివ్వడం మొదలెట్టారు. నేను వెనకబడతానా? నియమం గట్టున పెట్టి నేనూ మొదలెట్టాను. తొలి కాల్ ప్రసాద్‌దే. తెర నిండా ఒక నోరు. తీగ తెగి వేలాడుతోంది, పళ్ళు తలో దిక్కు చూస్తున్నాయి.

"ఎవరయ్యా ఇది కట్టిన మహానుభావుడు? పత్తిచేనుకు ముళ్ళకంచె వేసినట్టుంది!"

"సార్, అదీ..."

"నువ్వు వెనకేసుకు రాకు! కట్టేసి గాలికొదిలేస్తారా? ఆ డాక్టరు ఎవరైనా సరే, నెలనెలా ఆ పిల్ల ఉన్న ఊరికి వెళ్ళి, పైసా తీసుకోకుండా బాగుచెయ్యాలి. అదీ న్యాయం!"

తెర మీది నోరు మూసుకుంది. ఫోను కాస్త వెనక్కి జరిగింది. చెయ్యి అడ్డం పెట్టుకుని రూతు నన్నే చూస్తోంది. పక్కన వాళ్ళమ్మ రెండు చేతులూ జోడించింది.

"చల్లగా ఉండండి బాబూ. అయితే ఎప్పట్నుంచి వస్తారు?"

ఆ పిల్ల నలుగురిలో నవ్వడం మానేసిందని ప్రసాద్ తర్వాత చెప్పాడు. నాకు నిజంగా సిగ్గేసింది. ఆ నెల మొదలు నెలనెలా కనిగిరి బస్సెక్కాను. మధ్యలో ఏదైనా వస్తే ప్రసాద్ ఫోన్ చేసేవాడు, నేను బుద్ధిగా చెప్పేవాణ్ణి. తీగ విప్పిన రోజు రూతు చెయ్యి అడ్డం లేకుండా నవ్వింది.

ఆ బస్సు కుదుపుల సాక్షిగా నా ప్రమాణం వినండి. ఏ ఊరి డాక్టరు ఫోన్ చేసినా సలహా చెబుతాను. శిక్ష మాత్రం, తీగ కట్టిందెవరో కనుక్కున్నాకే వేస్తాను.