కాయలున్న కొమ్మ

‘పురుగు’ అన్న ఒక్క మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. బందరు బడిలో పిల్లలకు అబద్ధమాడరాదని ఉద్యోగకాలమంతా చెప్పిన నోటితోనే ఆ మాట అన్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళ ముఖం చూస్తూ చెప్పగల ధైర్యమే ఉంటే, వినవలసినవాడు బతికుండగానే చెప్పి ఉండేవాణ్ణి.

మాది అవనిగడ్డ దగ్గర ఒక పల్లె. నేను లెక్కల మాస్టారుగా పనిచేసి విరమించి ఊరు చేరాను. తమ్ముడు ముందునుంచీ వ్యవసాయంలోనే ఉన్నాడు. అమ్మ పోయాక, తొంభైల మొదట్లో ఆస్తి పంచుకున్నాం. పెద్దవాణ్ణి కనుక పంపకం నేనే చేశాను. కాలువ పక్క చేను నా వంతుకు వచ్చింది. పెద్దమనుషుల ముందు వాడు ఒకే మాట అన్నాడు: “అన్నయ్య లెక్కల మాస్టారు కదండీ. లెక్క ఆయన వైపే తేలుద్ది.” అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కొద్దిరోజుల్లోనే పెరటి మధ్య గోడ లేచింది. మాటలు ఆగిపోయాయి. అమ్మ తద్దినం కూడా ఎవరింట్లో వాళ్ళం పెట్టుకోవడం మొదలుపెట్టాం.

అమ్మ నాటిన జామచెట్టు నా వైపు పడింది. ఒక కొమ్మ మాత్రం గోడ దాటి వాడి పెరట్లోకి వంగి ఉండేది. గోడ కట్టిన మేస్త్రీ దాన్ని కొట్టెయ్యమంటారా అని అడిగితే నేనే వద్దన్నాను. అప్పటికి నాలో ఆ మాత్రం మిగిలి ఉంది.

రేడియోలో వ్యవసాయ కార్యక్రమం విని ఆ చెట్టుకు కత్తిరింపులు మొదలుపెట్టాను. ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగేవి, ఒకదానితో ఒకటి రాసుకునేవి తీసెయ్యాలి. చెట్టు నడుమకు ఎండ తగలాలి. జామ కొత్త చిగురు మీద కాస్తుంది కనుక కాపు అయిపోయాక, వేసవి చివర కొనలు కత్తిరించాలి. ఈ క్రమం నాకెంతో నచ్చింది. మనుషులు మాట వినడం మానేసిన వయసులో ఒక చెట్టయినా నేను చెప్పినట్టు పెరుగుతోందనిపించేది. ఈ నియమాలన్నీ నాకు తెలుసునని మీరు గుర్తుంచుకోవాలి. నా తప్పు తెలియనితనం వల్ల జరిగింది కాదు.

గోడ లేచిన కొన్నేళ్ళకు, ఒక శ్రావణంలో గోడ అవతలి కొమ్మ మీద కాయలకు ఎవరో గుడ్డపేలికలు కట్టడం చూశాను. చిలకలు కొట్టకుండా అలా కట్టడం మా వైపు అందరూ చేసేదే. నాకు తెలియదా? తెలుసు. కానీ గోడ లేచిన పెరట్లో ఆ పేలికలు నా కంటికి చిలకల కోసం కట్టినట్టు కనబడలేదు. పొలంలో పాతిన హద్దురాళ్ళలా కనబడ్డాయి. చెట్టు నాది, కాయలకు గుర్తులు వాడివా? రంపం తెచ్చాను. వాడు పొలం వెళ్ళిన వేళ చూసి, ఆ కొమ్మను గోడ దగ్గరికి కోసి ఇవతలికి లాగాను.

కింద పడ్డాక ఒక పేలిక విప్పాను. ఆకుపచ్చ మీద పసుపు గళ్ళు. అమ్మ కట్టుకున్న నేతచీర. లోపల కాయ ఇంకా దోర కూడా కాలేదు. అప్పుడైనా నేను ఆగాలి కదా? ఆగలేదు. చీరలు వాళ్ళ వంతుకు వెళ్ళాయి, ఇప్పుడు చెట్టు కూడా కావాలా అనుకున్నాను. కాయలన్నీ పేలికలతో సహా ఎరువుగుంటలో పడేశాను.

పొద్దువాలే ముందు వాడు గోడ దగ్గరికి వచ్చాడు. ఏళ్ళ తర్వాత మొదటిసారి, నవ్వుతూ పలకరించాడు.

“ఏంటన్నయ్యా, బళ్ళో పిల్లల జుట్టు పెరిగితే ఊరుకునేవాడివి కాదు. ఆఖరికి చెట్టుని కూడా వదల్లేదా?”

నేను రంపం పళ్ళు తుడవడం మొదలుపెట్టాను. వాడి నవ్వు సన్నబడింది.

“కాయలున్న కొమ్మని ఎవరన్నా కొడతారా, అన్నయ్యా?”

“పురుగు పట్టిందిరా. కాండం తొలిచే పురుగు. ఉంచితే చెట్టంతా పోతుంది.”

వాడు కోసిన చోటు వైపు చూశాడు. పుట్టినప్పటినుంచీ మట్టిలో బతికినవాడు. కోత తెల్లగా, శుభ్రంగా, తడిగా ఉంది. ఎక్కడా ఒక చిన్న తొర్ర లేదు.

“అట్టాగా,” అన్నాడు. “సర్లే అయితే.” వెళ్ళిపోయాడు.

మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు అవే.

మరుసటి ఏడు చెట్టు విరగకాసింది. మాస్టారి కత్తిరింపు మహిమ అన్నారు ఊళ్ళోవాళ్ళు. కాదనలేదు. కొమ్మ కోసిన చోట మాత్రం ఏటా చిగుళ్ళు వచ్చేవి. అవి కొమ్మగా ఎదిగితే పురుగన్న మాట ఏమవుతుంది? బొటనవేలితో గిల్లేసేవాణ్ణి. ఒకసారి ఆడిన అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి ఏటేటా ఆ చెట్టు దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

తర్వాత కొన్నేళ్ళకు తమ్ముడు గుండె ఆగి పొలంలోనే పోయాడు. పెద్దకర్మ నాడు మరదలు నాకు మంచినీళ్ళు అందిస్తూ, ఏ నిష్ఠూరమూ లేకుండా, ఆ కాయల సంగతి ఎత్తింది.

“అత్తయ్యగారి తద్దినానికని మీ తమ్ముడే ఆ పేలికలు కట్టుకున్నారండీ, బావగారూ. ఆమె చెట్టు కాయలు ఆమె చీరగుడ్డలోనే పట్టుకుని మీ గుమ్మం ఎక్కుదామని. ఉత్తిచేతుల్తో ఎట్టా వెళ్తానే అనేవారు. పురుగు పట్టింది, అన్నయ్య మాత్రం ఏం చేస్తాడన్నారు. చెట్టన్నా దక్కింది, చాల్లెండి.”

వాడికి తెలుసు. ఆ కోతను కళ్ళారా చూశాడు. అయినా నా అబద్ధాన్ని ఇంటికి తీసుకువెళ్ళి, భార్య ముందు నిజమని నిలబెట్టాడు. వాడి లెక్క ఎటు తేలిందో ఇప్పుడు ఎవరిని అడగను? ఆ నీళ్ళ గ్లాసు అలాగే అరుగు మీద పెట్టి లేచి వచ్చేశాను.

ఆమె ఇప్పటికీ గోడ అవతలే ఉంటుంది. పండుగనాడు నా భార్యను పిలిచి గోడ మీదుగా గారెలు అందిస్తుంది. ఆమెకు చెప్పెయ్యాలని ఎన్నిసార్లో అనుకున్నాను. చెబితే, నా కోసం వాడు ఆమెతో ఆడిన అబద్ధం కూడా బయటపడుతుందని వెనక్కి తగ్గుతాను. ఇది వాడి మీద గౌరవమా, నా పిరికితనానికి నేను వేసుకున్న మరో ముసుగా? నిజాయితీగా చెబుతున్నాను, నాకు తెలియడం లేదు.

వాడు పోయాక చిగుళ్ళు గిల్లడం మానేశాను. కానీ ఆ కొమ్మ మొదలు ఎండిపోయింది. తక్కిన చెట్టంతా కాస్తుంది. ఆ చోట మాత్రం చిగురు రాదు.

ఎవరికీ చెప్పని ఆ మాట మీకు చెబుతున్నాను. నన్ను ఓదార్చకండి. విన్నారు, అంతే చాలు.

ఆ కొమ్మకు పురుగు పట్టలేదు.