కర్రకి ఆరు వందల ఫొటోలు

వీబెకి కన్ను కంటే వేలు ముందు. ట్రాములు నడిపి రిటైరైన ఈ డచ్చాయన, నీళ్ళలో పాతిన కర్ర మీద వాలే లకుముకిపిట్ట కోసం గట్టు మీది చెక్కగదిలో కాపు కాస్తాడు. పక్కవాడి కెమెరా టకటకలాడితే చాలు, ఏముందో చూడకుండానే తనూ మీట నొక్కేస్తాడు. సెకనుకి ఇరవై ఫొటోలు! అక్కడ అందరిదీ అదే జబ్బు.

ఆ రోజు టకటక వినబడగానే అందరూ కెమెరాలతో ఖాళీ కర్ర మీద విరుచుకుపడ్డారు. తీరా చూస్తే చప్పుడు చేసింది గది కప్పు మీది గోరింక. వినివిని కెమెరా మోత నేర్చేసింది! పైగా దర్జాగా దిగొచ్చి ఆ కర్ర మీదే కూర్చుంది.

ఇంట్లో భార్య ఫొక్యె ఫొటోలు చూసి, "కర్రకి ఇన్ని ఫొటోలేమిటయ్యా? పోనీ, ఆ గోరింకనైనా తీశావా?" అంది.

"ఎక్కడే! అప్పటికే కార్డు నిండిపోయింది."