సంపూర్ణమ్మ వద్దన్న సూది

మొగల్తూరు పేటలో ఐదో తరగతి దాటని మనిషి సంపూర్ణమ్మ. అయితేనేం, ఆమె చేసినన్ని పనులు చదువుకున్నవాళ్లు ఎందరు చేశారో చెప్పమనండి. నాట్ల రోజుల్లో పని ఆపించి కూలీల ముఠా మొత్తాన్నీ గట్టు మీద కూర్చోబెట్టి ఆడవాళ్ల కూలి పెంచించింది. చర్చి వీధికి కుళాయి తెప్పించింది. కూతురు కువైట్‌లో పనికి వెళ్తే మనవరాలు ఆశాజ్యోతిని తనే పెంచి డిగ్రీ చదివించింది. అన్నిటికన్నా గొప్పగా చెప్పుకునేది మాత్రం పేటలో స్టెరాయిడ్ సూది మాన్పించడం.

ఆమె మోకాళ్ల నొప్పులకి ఆర్‌ఎంపీ బుల్లియ్య ఏళ్ల తరబడి అదే సూది పొడిచాడు. పొడిచిన సాయంత్రానికి లేడిపిల్లలా తిరిగేది. ఆనక మొహం బూరెలా పొంగింది, షుగరొచ్చింది, ఎముకలు గుల్లబారాయి. సంగతేమిటో భీమవరం డాక్టరు చెప్పగానే సంపూర్ణమ్మ తిన్నగా వచ్చి బుల్లియ్య సైకిలుకి అడ్డం నిలబడింది. చర్చిలో స్త్రీల సమాజంలో లేచి చెప్పింది. ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఇంట్లో జ్యోతికైతే రోజూ అదే పాఠం.

ఆ జ్యోతినే తొలికాన్పుకి పుట్టింటికి తెచ్చుకుంది. ఏడో నెల ఇంకా నిండలేదు, ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. జ్యోతి భర్త విజయ్ పాల్ ఆటో తెచ్చాడు. ముగ్గురూ నరసాపురంలో ఒక ఆసుపత్రికి చేరారు.

డాక్టరు వర్షిణి పరీక్ష చేసింది. "నొప్పులు ఆగడానికి మందిస్తున్నాం, ఎంతసేపు ఆగుతాయో చెప్పలేం. ఇంత చిన్న బిడ్డని చూసే వార్డు ఇక్కడ లేదు, రాజమండ్రి పంపిస్తాం. బయల్దేరేలోపు స్టెరాయిడ్ ఇంజక్షన్ వేసెయ్యాలి" అంది.

జ్యోతి దుప్పటి గట్టిగా పట్టుకుంది. "వద్దండి. అమ్మమ్మ ఒప్పుకోదు."

"అమ్మమ్మగారు ఎలాగంటే అలాగేనండి" అన్నాడు విజయ్ పాల్.

అందరూ సంపూర్ణమ్మ నోటి వైపే చూస్తున్నారు. తన మాట నెగ్గితే ఇన్నాళ్లూ సంతోషమే. ఇవాళ నెగ్గుతుందేమోనని భయం వేసింది.

"డాక్టరమ్మగారూ, ఆ సూది నన్నేం చేసిందో ఈ మోకాళ్లనడగండి. కడుపులో గుప్పెడు బిడ్డనేం చెయ్యదూ?"

"మీకెన్నాళ్లు వేశారు మామ్మగారూ?"

"ఏళ్లండీ. నొప్పొస్తే చాలు, సూదే."

"ఇది రెండు రోజులే. అదీ నొప్పికి కాదు. నెలలు నిండని బిడ్డకి ఊపిరి సరిగ్గా అందదు. మెదడులో రక్తనాళాలు మరీ లేత. అవి చిట్లాయంటే తర్వాత నడక, చూపు, చదువు అన్నీ దెబ్బతినొచ్చు. తల్లికి ముందే ఈ మందిస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. పూర్తిగా పోతుందని నేననను. కానీ మందు పనిచెయ్యడానికి టైం కావాలి. మనం మాట్లాడుకునే కొద్దీ ఆ టైం పోతోంది."

"మీ చెల్లెలికైతే వేయిస్తారా?"

"ఈపాటికి వేసేసుండేదాన్నండి. ఇంతసేపు మాట్లాడేదాన్నే కాదు."

సంపూర్ణమ్మ మనవరాలి తల నిమిరింది. "జ్యోతీ, వద్దన్న నోటితోనే చెప్తన్నా. వేయించుకో."

"నువ్వేనా అమ్మమ్మా?"

"నేనే. అది వేరు, ఇది వేరు. తిరగవే పక్కకి!"

గోదావరి మీద సిద్ధాంతం వంతెన దాటేదాకా అంబులెన్సులో సంపూర్ణమ్మ కళ్లు తెరిచే ప్రార్థన చేసుకుంది. జ్యోతి మొహం మీంచి చూపు తిప్పితే ఒట్టు. దేవుడి దయవల్ల నొప్పులు ఆగాయి. మిగతా సూదులు రాజమండ్రిలో పడ్డాయి. అవన్నీ పూర్తయ్యాకే ఆడపిల్ల పుట్టింది. కేజీన్నర కూడా లేదు, అయినా ఏడ్చింది.

తర్వాత మాడు మీద జెల్లు రాసి తలకి స్కానింగ్ తీశారు. పిల్లల డాక్టరు బయటికొచ్చి, "మెదడులో ఎక్కడా రక్తస్రావం లేదండి. ఇంకోసారి స్కాన్ చేస్తాం, ఇంటికెళ్లాక కూడా చెప్పినప్పుడల్లా తీసుకురావాలి" అన్నాడు. ఏళ్లుగా కుర్చీ తప్ప నేలెరగని సంపూర్ణమ్మ వరండాలో అలాగే చతికిలబడిపోయింది. ఆమెని లేపడానికి విజయ్ పాల్ ఒక్కడూ చాలక నర్సుని కూడా పిలవాల్సొచ్చింది.

నాలుగో నెలలో పిల్లని ఒళ్లో వేసుకుని అరుగు మీద కూర్చుంటే పక్కింటి లోవలక్ష్మి వచ్చింది.

"ఏంటొదినా, ఊరందరి చేతా మాన్పించి నీ ఇంట్లో వేయించావంటగా?"

"వేయించాను. ఎందుకు, ఎన్నాళ్లు అని అడిగి మరీ వేయించాను. నువ్వూ అడిగి వేయించుకో. నేనారోజు బుల్లియ్యని అడిగుంటే ఈ కాళ్లు ఇలా ఉండేవా?"

అప్పుడే సైకిలు మీద పోతున్న బుల్లియ్య కాలు కింద పెట్టి ఆగాడు. "అయితే అత్తా, మన సూది మంచిదేనన్నమాట!"

"ఉండరా నీ పని చెప్తా!" అంటూ సంపూర్ణమ్మ చెప్పు కోసం కాలితో వెతికింది. బుల్లియ్య నవ్వుతూ బెల్లు కొట్టుకుంటూ సైకిలెక్కేశాడు.

ఆ చప్పుడుకి పిల్ల మెల్లగా అటువైపు తల తిప్పింది. కళ్లింత చేసుకుని చూసింది.

చెప్పు సంగతి మరిచిపోయి సంపూర్ణమ్మ వీధి అదిరేలా కేకేసింది. "ఒరేయ్ బుల్లియ్యా, ఎక్కడికిరా? వెనక్కొచ్చి ఇంకోసారి కొట్టు ఆ బెల్లు!"