అన్న పేరు మీద

ఇంటర్ ఆఖరి పరీక్ష రాసి బయటికొచ్చాక నాకేమీ అనిపించలేదు. గేటు దగ్గర కుర్రాళ్ళు ఒకళ్ళ చొక్కాల మీద ఒకళ్ళు పెన్నులతో రాసుకుంటున్నారు. నా వీపు మీద కూడా ఎవడో ఏదో రాశాడు. హాస్టల్‌కి వెళ్ళి విప్పి చూస్తే ‘ఆల్ ది బెస్ట్ ఆర్మీ’ అని ఉంది. దాన్ని మడత పెట్టి పెట్టె అడుగున వేసి, అరకులో మధ్యాహ్నం బస్సెక్కాను. పాడేరులో బస్సు మారి, జి.మాడుగులలో జీపెక్కి, జీపు ఆగిన చోటి నుంచి గంటసేపు కొండెక్కితే మా ఊరు. ముప్పై ఇళ్ళుంటాయి.

అప్పటికే ఆర్మీ రాత పరీక్ష, పరుగు, గుంత దూకడం, మెడికల్ అన్నీ అయిపోయాయి. లిస్టులో పేరొచ్చింది. మిగిలింది పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే. స్టేషన్ నుంచి ఒకాయన ఊళ్ళోకి వచ్చి, ఈ పేరు గలవాడు ఈ ఇంటివాడేనా, మంచివాడేనా అని నలుగుర్ని అడిగి రాసుకుపోతాడు. ఆ తర్వాత ట్రైనింగ్‌కి పిలుపొస్తుంది. తక్కినవాళ్ళకి అదొక లాంఛనం. నాకు చిక్కంతా అక్కడే ఉంది, ఎందుకంటే లిస్టులో ఉన్న పేరు నాది కాదు. మా అన్నది.

ఇది మేమేదో తెలివిగా పన్నిన మోసం అనుకుంటారు. అంత తెలివి మా ఇంట్లో ఎవరికీ లేదు. నాకు ఏడేళ్ళు, అన్నకు తొమ్మిది ఉన్నప్పుడు కొండ కింది ఆశ్రమ పాఠశాల నుంచి సారు వచ్చి పిల్లల పేర్లు రాసుకున్నాడు. మా ఇంటి నుంచి అన్న పేరు మూడో తరగతిలో రాశాడు. పుట్టిన తేదీ అడిగితే అమ్మ “పసుపు తవ్వతన్న రోజుల్లో పుట్టినాడు” అంది. దానికి తగ్గట్టు సారే ఒక తేదీ వేశాడు. అన్నకి పెట్టె, దుప్పటి, కంచం, రెండు జతల బట్టలు ఇచ్చారు. పదకొండో రోజున వాడు ఒక్కడే రెండు కొండలు దాటి ఇంటికొచ్చేశాడు. ఏమైందిరా అంటే, “ఆకలేసినప్పుడు ఎట్టరంట. బెల్లు కొట్టినప్పుడే తినాలంట” అన్నాడు. నాన్న కొట్టి చూశాడు, బతిమాలి చూశాడు. అన్న అటకెక్కి కూర్చున్నాడు.

మా కొండల్లో పొలం పనికి ఇంటికొక మనిషి చొప్పున వెళ్తాం. ఇవాళ మీ చేలో, రేపు మా చేలో. ఒకడికి ఒంట్లో బాగోకపోతే ఆ ఇంటి నుంచి ఇంకొకడు వెళ్తాడు. ఎవడు వచ్చాడని ఎవరూ అడగరు, ఏ ఇంటి నుంచి వచ్చాడన్నదే చూస్తారు. నాన్న బడిని కూడా అలాగే అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే అన్న బట్టలు నాకు తొడిగి తీసుకెళ్ళాడు. నిక్కరు జారిపోతుంటే దారి పొడుగునా ఒక చేత్తో పట్టుకునే నడిచాను. సారు నన్ను ఎగాదిగా చూసి, “ఆ గుంటడు కాదు కదా ఈడు?” అన్నాడు. నాన్న, “ఆ ఇంటోడే బాబూ” అన్నాడు. సారు, పేరు కొట్టేసి మళ్ళీ రాయాలంటే పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలని, ఆ పేరు మీదే ఉండనివ్వమని చెప్పాడు. నాన్నకి అందులో తప్పేమీ కనపడలేదు. నిజం చెప్పాలంటే, ఆర్మీ ఫారం నింపేదాకా నాకూ కనపడలేదు.

అలా పదేళ్ళు గడిచాయి. టెన్త్ సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, హాస్టల్లో తీయించిన ఆధార్ అన్నీ అన్న పేరు మీదే వచ్చాయి. కాగితాల మీద నాకు పంతొమ్మిదేళ్ళు, ఒంటికి పదిహేడు. ఊళ్ళో మాత్రం ఆ పేరు అన్నదే. అందరూ వాణ్ణే అలా పిలుస్తారు. నన్ను చిన్నోడనే పిలుస్తారు కాబట్టి నా అసలు పేరు ఇంట్లో వాడకం లేకుండా పడి ఉంది. అన్నకి ఏ కార్డూ లేదు. ఆధార్ క్యాంపులో ఏదైనా కాగితం చూపించమన్నారట. వాడి పేరు మీదున్న కాగితాలన్నీ నా పెట్టెలో ఉన్నాయి. వాడు ఉత్త చేతులతో తిరిగొచ్చి మిరియాల పనిలో పడిపోయాడు.

ఆ వేసవంతా నేను చేసిందేమీ లేదు. పొద్దున్నే జీపు ఆగే చోటిదాకా పరుగెత్తి, మళ్ళీ కొండెక్కి, అమ్మ పోసిన చోడంబలి తాగి, సిగ్నల్ అందే బండ మీద ఫోన్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియాల తీగలు పండి ఉన్నాయి. నాన్న, అన్న నిచ్చెనలు వేసుకుని కోస్తున్నారు. నన్ను ఎక్కనిచ్చేవాళ్ళు కాదు.

“పడ్డావంటే సెయ్యి ఇరుగుద్ది. మిలట్రీ పోద్ది” అనేవాడు అన్న పైనుంచి.

వాడి చెయ్యి విరిగితే ఏమవుతుందని నేను అడగలేదు. కింద బస్తా పట్టుకుని నిలబడేవాణ్ణి. రిజల్ట్స్ వచ్చాయి, పాసయ్యాను. స్క్రీన్ మీద అన్న పేరు, దాని పక్కన నా మార్కులు చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాను. సంతోషం వేయాలి, వేయలేదు. వాడి పేరు ఎత్తుకుపోతున్నందుకు సిగ్గైనా వేయాలి, అదీ వేయలేదు. మెడికల్లో మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే కాలు దానంతటది లేచింది. మనసు అలా కూడా లేవడం లేదు. ఊళ్ళో ఎవరైనా “ఎప్పుడెల్తావు?” అంటే “పిలిస్తే” అనేవాణ్ణి.

ఒకరోజు అంబలి తాగుతుండగా నాన్న ఆ మాట ఎత్తాడు.

“పోలీసోలు ఒస్తారు. ఊళ్ళో అడుగుతారు. పెద్దోడా, నీ పేరు ఈడికిచ్చీయాల.”

“ఎప్పుడో ఇచ్చీసినాం కదా” అన్నాడు అన్న తల ఎత్తకుండానే.

“అది బడిలో. ఇప్పుడు ఊళ్ళో కూడాని. నువ్వు ఈడి పేరు సెప్పుకోవాల.”

అన్న నా వంక చూసి, “ఈడిది నాకు సరిపోద్దా? సిన్నదైపోద్దేమో” అన్నాడు. అమ్మ నవ్వింది. నేను కూడా నవ్వాను, అందరూ నవ్వుతున్నారు కదాని.

నాన్న ఇల్లిల్లూ తిరిగి చెప్పుకొచ్చాడు. ఎవరూ కాదనలేదు. పక్కింటి ముసలమ్మ మాత్రం పని కట్టుకుని మా ఇంటికొచ్చింది. అన్న పుట్టినప్పుడు ఆ పేరు పెట్టింది ఆవిడే. చనిపోయిన మా తాత మళ్ళీ వచ్చాడని, ఆయన పేరే పెట్టాలని పట్టుబట్టిందట.

“ఉద్దోగం కోసం నాను కాదన్ను. కానీ ముసలాడు పెద్దోడి దగ్గరికి ఒచ్చినాడు, సిన్నోడి దగ్గరికి కాదు. ఆడికేటని సెప్పుకుంటారు?” అంది.

ఆవిడ గుమ్మంలో కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. అన్న అప్పుడు ఇంట్లో లేడు. ఆ మాట వాడికి చెబుదామనుకుని, చెప్పకుండా ఊరుకున్నాను. చెబితే వద్దంటాడేమోనని భయం వేసింది. ఆ వేసవిలో నాకు కలిగిన భావం ఏదైనా ఉంటే అదొక్కటే.

కానిస్టేబుల్ సంత రోజున వచ్చాడు. అమ్మానాన్నలు సంతకి వెళ్ళారు. ఊళ్ళో సగం ఇళ్ళు ఖాళీ. అన్న వాకిట్లో మిరియాలు ఆరబోసి కాలితో తిరగేస్తున్నాడు. నేను లోపల ఉన్నాను. కొండెక్కి వచ్చిన ఆయాసంతో ఆయన దూరం నుంచే కాగితం చూసి ఇంటిపేరుతో సహా పిలిచాడు.

“ఆఁ” అన్నాడు అన్న.

పంతొమ్మిదేళ్ళుగా పలుకుతున్న పేరు, పలికేశాడు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన వాడి ముందు నిలబడి ఫొటోని, వాడి ముఖాన్ని మార్చి మార్చి చూస్తున్నాడు.

“మిలట్రీకెళ్ళేది నువ్వేనా?”

అన్న నన్ను చూశాడు. వాడు తడబడితే పదేళ్ళ చదువు, పరుగు, లిస్టు అన్నీ ఆ వాకిట్లోనే పోతాయి. వాడు కాలికంటిన మిరియాలు దులుపుకున్నాడు.

“నాను కాదండి. మా అన్న” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “అన్నా, బేగి రా. నీకోసం ఒచ్చినారు” అని పిలిచాడు.

నాకు మాటలు వచ్చినప్పటి నుంచి వాణ్ణి అన్నా అని పిలిచింది నేను. ఆ మాట వాడి నోట, వాడి గొంతుతో, నా మీదికి వచ్చింది. నేను వెళ్ళి నిలబడ్డాను.

“మరి ఆఁ అన్నావేటి?” అన్నాడు కానిస్టేబుల్.

“ఇంట్లోనే ఉన్నాడని పలికినానండి.”

“నువ్వే పెద్దోడిలా ఉన్నావు.”

“ఎండలో పని కదండి. ముదిరిపోనాను.”

ఆయన నవ్వి అరుగు మీద కూర్చున్నాడు. నేను పెట్టెలోంచి కాగితాలు తెచ్చిచ్చాను. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగి వరసగా రాసుకున్నాడు. అన్న దగ్గరికొచ్చేసరికి వాడు నా పేరు చెప్పాడు, తడుముకోకుండా. తమ్ముడు, పదిహేడేళ్ళు, చదువు లేదు అని రాసుకున్నాడాయన. సాక్షి సంతకానికి పక్కింటి ముసలమ్మ కొడుకు వచ్చాడు. ఆవిడ గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. కానిస్టేబుల్ మంచినీళ్ళు తాగి, నా భుజం తట్టి కొండ దిగిపోయాడు.

పని అయిపోయింది. ఉద్యోగం ఇక ఎటూ పోదు. ఏదో ఒకటి అందామని అన్న దగ్గరికి వెళ్ళాను. అన్నా అనబోతే నోరు రాలేదు. మరేమని పిలవాలో తెలియలేదు. వాడు మిరియాల మధ్యే నిలబడి, కొత్త పనిముట్టు ఎలా వాడాలో అడిగినట్టు, మామూలుగానే అడిగాడు.

“ఇంక ఆ పేరెట్టి ఎవరు పిలిసినా నాను పలక్కూడదు కదా?”

“పలక్కూడదు” అన్నాను.

సరేనని తలూపి మళ్ళీ మిరియాలు తిరగేయడం మొదలుపెట్టాడు.