గేటు దగ్గర మామ

నేను అబద్ధాలు ఆడతానని మా గదిలో అందరూ అంటారు. ఆడను. ఉన్నదాన్ని కాస్త సాగదీస్తాను, అంతే. దుబాయ్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయం గేటు దగ్గర కాపలా ఉంటాను. నెల్లూరులో ఉన్న మా అక్కకు మాత్రం ‘గవర్నమెంట్ సెక్యూరిటీలో ఉన్నా’ అని చెప్పుకున్నాను. నేను చెయ్యెత్తితే ఎంత పెద్ద కారైనా ఆగుతుందన్నాను. ఆగుతుంది మరి, గేటు బొత్తాం నా దగ్గరే ఉంటుంది. నా పుస్తకంలో సంతకం పెట్టనిదే పెద్ద పెద్ద కంపెనీల ముదీర్లు, అంటే మేనేజర్లు కూడా లోపలికి పోలేరన్నాను. అదీ నిజమే, అది వచ్చిపోయేవాళ్ల రిజిస్టరు. ఇందులో అబద్ధమెక్కడుందో చూపించమనండి.

చిక్కంతా ఆ సెక్యూరిటీ అన్న మాటతోనే వచ్చింది. ఇక్కడ ఆదివారం సెలవు కొత్తగా మొదలైన ఏడు, మా అక్క కూతురు ఇంటర్ ముగించి, సైబర్ సెక్యూరిటీ చదివి ప్రభుత్వోద్యోగం చేస్తానని పట్టుబట్టింది. అక్కకు సైబర్ అర్థం కాలేదు, మిగతాది బాగా అర్థమైంది. “మీ మామ చేసేదీ అదేగా, వాణ్ణే అడుగు” అందట.

ఇక్కడికి ఫోన్లో మాట సరిగా అందదని వాయిస్ మెసేజ్ పెట్టింది. “మామా, రెండు సీట్లు వచ్చేట్టుండాయి. ఒకటి కొత్త కాలేజీ, డిగ్రీ పేరులోనే సైబర్ సెక్యూరిటీ అనుండాది. రెండోది పాత కాలేజీ, మామూలు కంప్యూటర్ సైన్స్. ఆదివారం సాయంత్రం ఆరింటి దాకే వెబ్ ఆప్షన్లు మార్చుకోవచ్చు. ఏది ముందు పెట్టమంటావ్? నువ్వు చెప్పిందే పెడతా.”

చివరి ముక్క కోసం ఆ మెసేజ్‌ని పదకొండుసార్లు పెట్టుకున్నాను, అదీ గదంతా మోగేలా. కరామాలో మంచానికింతని అద్దె కట్టే మా బెడ్‌స్పేస్ గదిలో ఆరుగురం. నా పై మంచం తెలంగాణ తమ్ముడిది. ఏదో ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. పైనుంచి తల కిందికి వేలాడేసి, “అన్నా, నీకెందుకే గీ తిప్పల? ఫోన్ ఇటియ్యి, పిల్లకు నేను జెప్త” అన్నాడు. నేను ఇవ్వలేదు. వాడే తీసుకున్నాడు. పాత కాలేజీయే మేలని నాలుగు నిమిషాలు ఏదేదో చెప్పి పంపాడు.

వెంటనే జవాబు. “ఆ అన్న భలే చెప్పాడు మామా! ఇంకా అడగాలి. ఉండాడా?”

ఉండాడా! ఫోను నాది, మేనకోడలు నాది, అడుగుతున్నదేమో వాడు ఉన్నాడా అని. పదేళ్లుగా ఖర్జూరాలు పంపింది నేను. ఎడారిలో ఒంటెను దారి అడిగి ఇంటికొచ్చానని చెప్పి ఆ పిల్లకు అన్నం తినిపించింది నేను. నాలుగు నిమిషాల మాటతో ఎవడో వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు వంట వంతు నాది, చేపల పులుసు. వాడి గిన్నెలో ఒట్టి పులుసే పోశాను.

“ఏందన్నా, చేప ఈదుకుంట వేరే గిన్నెలకు వోయిందా?” అన్నాడు. అందరూ నవ్వారు. వాడి మాటకు నా పులుసు దగ్గర కూడా నవ్వులు! నాకు ఒళ్లు మండిపోయింది.

శుక్రవారం డ్యూటీలో ఉండగా గేటు పక్కనుంచే మెసేజ్ పెట్టాను. “అమ్మాయ్, ఇక్కడి ముదీర్‌నే అడిగాను. డిగ్రీ పేరులో సైబర్ లేకపోతే గవర్నమెంటు వాళ్లు కన్నెత్తి కూడా చూడరంట. కొత్తదే ముందు పెట్టు. ఆ అన్నకేం తెలుసు, వాడు మౌసులు తుడుచుకునేవాడు.” ముదీర్ ఆ రోజు నాతో అన్నది ఒకటే మాట, ‘డోర్’.

‘సరే మామా, అదే పెట్టేశా’ అని రాసింది. నాకు కడుపు నిండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు కిందికి దిగి నా మంచం మీద కూర్చున్నాడు. “అన్నా, పిల్ల మళ్ల ఏమడుగుతలేదు. నువ్వేమన్న జెప్పినవా?”

“నేనేం చెప్తాను?”

“గిది జూడు. మనకాడ గవర్నమెంటు సైబర్ కొలువులకు పాత నోటిఫికేషన్. కంప్యూటర్ సైన్సో, ఐటీనో, ఎలక్ట్రానిక్సో ఉండాలంటున్నరు. ఆ కొత్త పేరు ఇందుల లేదు. రేపు, ఇదీ అదీ ఒకటే అని కాయితం తెమ్మంటె పిల్ల ఎన్ని ఆఫీసులు తిరగాలె? మామూలుది చదవనియ్యి. సైబర్ పైచదువుల చేస్తది.”

రెండుసార్లు చదివాను. వాడు చెప్పింది తప్పయి ఉంటే వాణ్ణి క్షమించేవాణ్ణి. కరెక్టు కావడంతో కుళ్లు ఇంకా ముదిరింది. అక్కడ ఆరంటే ఇక్కడ నాలుగున్నర. అప్పటికి మూడైంది.

ఫోన్ పట్టుకుని మెట్ల మీదికి పోయాను. రెండు మెసేజ్‌లు మొదలుపెట్టి చెరిపేశాను. రెండింట్లోనూ ముదీర్ మనసు మార్చుకున్నాడని చెప్పాను. మూడోదాంట్లో నా గొంతు నాకే కొత్తగా ఉంది. “అమ్మాయ్, ముదీర్ ఏం చెప్పలేదు. నేనే అల్లాను. నేను ఆఫీసర్ని కాదు, గేటు దగ్గర కాపలా. పాత కాలేజీ ముందు పెట్టు. ఆ అన్న చెప్పిందే రైటు.” చివరి మాట అంటుంటే పన్ను పీకినంత నొప్పి.

ఐదు నిమిషాలకు ఆమె నవ్వు వినబడింది. “నువ్వు కాపలా అని నాకు తొమ్మిదో తరగతిలోనే తెలుసు మామా. అద్దాల తలుపు ముందు దిగిన ఫోటో పంపావే, నీ వీపు అద్దంలో పడింది. చొక్కా మీది అక్షరాలు తిరగబడి ఉంటే ఫోటో తిప్పి చదివా, ‘సెక్యూరిటీ గార్డ్’ అనుండాది. అమ్మకు చెప్పలా.”

“మరి ముదీర్ మాట ఎట్ట నమ్మావే?”

“కాపలా అని తెలుసు గాబట్టే నమ్మా. గేటు దగ్గర నిలబడేవాడి చెవిన పడని మాట ఉండదు గదా!”

సాగదీసిన గొప్పలేవీ నమ్మని పిల్ల, నేను దాచిన నిజాన్ని నమ్మి మునిగిపోబోయింది.

నాలుగుంపావుకు మార్చేసిన పేజీ ఫోటో పంపింది. పాత కాలేజీ, మామూలు కంప్యూటర్ సైన్స్, ఒకటో నంబరు.

ఇప్పుడామెది చివరి సంవత్సరం. చదువు సందేహాలన్నీ పై మంచానికే పోతాయి. నా దాకా వచ్చేది ఒక్క రకం ప్రశ్న: “మామా, లోపలికి రాకూడనివాడు నిన్నెట్ట ఏమార్చి వచ్చాడు?” మనుషుల్ని ఏమార్చి లోపలికి దూరడం కూడా సైబర్ పాఠమేనట. చేతి నిండా పిజ్జా డబ్బాలతో వచ్చినవాడికి జాలిపడి తలుపు తెరిచి పట్టుకున్న సంగతి చెప్పాను. ఒక్క ముక్క సాగదీయలేదు. తమ్ముడు వినకుండా మెట్ల మీదికి పోయి మరీ చెప్పాను.

ఆ ఆదివారం పేజీ ఫోటోతో పాటు చిన్న వాయిస్ మెసేజ్ కూడా పంపింది. “ఆ అన్నకు థాంక్స్ చెప్పు మామా.” అది ఇంకా నా ఫోన్లోనే ఉంది. వాడికి వినిపించలేదు.