గుమ్మం దాటిన రాగి చెంబు

నా ఫ్లాట్ గృహప్రవేశానికి కలశం పెట్టడానికి రాగి చెంబు కావాలన్నారు పంతులుగారు. "వన్ టౌన్‌లో కొత్తది కొనేద్దాం పద అమ్మాయ్," అంది వదిన. మా అన్నయ్య భార్య ఆవిడ. చల్లపల్లి నుంచి ఇద్దరూ ముందురోజే దిగారు, ఆవిడైతే పెత్తనం కూడా వెంటపెట్టుకుని మరీ దిగింది. కొననన్నాను. నా చెంబు నాకుంది.

కాకపోతే పాత ఇంటి అటక మీదుంది. మా ఆయన రోజూ పడుకోబోయే ముందు అందులో నీళ్లు పోసుకుని, పొద్దున లేవగానే తాగేవారు. ఆయన పోయాక దాన్ని చూడలేక పాత దుప్పట్ల మధ్యకి తోసేశాను. ఇన్నేళ్లకి దింపితే ఒళ్లంతా నల్లగా కమిలిపోయి, మెడ చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది.

"ఇదా! పాత సామాన్లవాడికి వేసెయ్. ఇది కలశానికేం పనికొస్తుంది?" అంది వదిన.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మధ్యాహ్నం పులుసుకి చింతపండు పిసికాక మిగిలిన పిప్పి గిన్నెలో అలాగే ఉంది. దానికి గుప్పెడు రాళ్లుప్పు కలిపి చెంబు మీద రుద్దడం మొదలుపెట్టాను. వదిన పక్కన నిలబడి ఇటుకపొడి వెయ్యమంటుంది, స్టీలు పీచు పెట్టమంటుంది. పీచు పెడితే గీతలు పడి చస్తాయి. రాగికి పులుపూ ఉప్పూ చాలు, చేసేవాళ్లకి ఓపికుండాలి. మెడ దగ్గర చిలుము ఓ పట్టాన వదల్లేదు. నిమ్మచెక్కని ఉప్పులో అద్ది వేలితో నొక్కి నొక్కి రుద్దాను. కొట్లో కత్తెర పట్టి పట్టి పగిలిన వేళ్లు, పులుపు దిగి భగ్గున మండాయి. నల్లనీళ్లు కారిపోయి కిందనుంచి ఎర్రగా రాగి తేలుతుంటే ఏడుపొచ్చింది. కొత్త ఫ్లాట్ చూడకుండా పోయినందుకు ఆయన మీద కోపమూ వచ్చింది.

కడగగానే పొడిగుడ్డతో తుడిచేశాను. "ఎవరూ ముట్టుకోకండి. కొత్తగా తోమిన రాగి మీద వేళ్లు పడితే ఆ మచ్చలు మర్నాటికి నల్లబడి కనిపిస్తాయి," అని అందరికీ చెప్పి, గుడ్డతోనే పట్టుకుని పీట మీద పెట్టాను.

"అబ్బో, ఎంత తళతళలాడుతోందే! నీ చేతిలో ఏదో ఉందమ్మాయ్," అంది వదిన. మళ్లీ అదే నోటితో, "రేపు మీ అన్నయ్యా నేనూ పీటల మీద కూర్చుంటాం. చెంబు నేను పట్టుకుని ముందు లోపలికొస్తాను. నువ్వు మా వెనకాల రా. ఏమీ అనుకోకు, నలుగురూ చూస్తారు కదా," అంది.

ఏమీ అనుకోకూడదట! భర్త పోయిందాన్ని కాబట్టి నా చేత్తో కలశం గుమ్మం దాటకూడదట. వన్ టౌన్‌లో మ్యాచింగ్ సెంటర్ నడిపి ఈ ఫ్లాట్ కొన్నదాన్ని నేను. ఈ చుట్టాలంతా పెళ్లిచీరలు పట్టుకొచ్చి, జాకెట్టు గుడ్డ నా చేత్తోనే చింపించుకుని వెళ్లినవాళ్లే. అప్పుడు గుర్తు రాలేదా నాకు మొగుడు లేడని?

ఆ పూట మాట్లాడలేదు. ఒప్పుకుని కాదు. నలుగురూ చూస్తారంటుంది కదా, ఆ నలుగురి ముందే తేల్చుకుందామని.

మర్నాడు పొద్దున లిఫ్టు దగ్గర్నుంచి గుమ్మందాకా జనమే. ఎవరో ఫోనులో వీడియో కూడా తీస్తున్నారు. పంతులుగారు చెంబులో నీళ్లు పోసి, మామిడాకులు వేసి, కొబ్బరికాయ పెట్టారు. వదిన చేతులు చాచింది. నేను ముందుకెళ్లి, గుడ్డా గిడ్డా లేకుండా, రెండు చేతులతో చెంబు ఎత్తేశాను.

"అమ్మాయ్!" అంది వదిన.

"తోమడానికి పనికొచ్చిన చేతులే ఇవి వదినా. మోయడానికీ పనికొస్తాయి."

"ఇప్పుడెందుకే గొడవ? ఆచారం అని ఒకటుంది కదా," అన్నాడు అన్నయ్య, గొంతు తగ్గించి.

నేను తగ్గించలేదు. "నేను ముందు అడుగు పెట్టకూడని ఇల్లు నాకెందుకు అన్నయ్యా?"

పంతులుగారు వాచీ చూసుకున్నారు. "ముహూర్తం దాటిపోతోందండీ. ఎవరో ఒకరు లోపలికి రండి."

"ఎవరో ఒకరు కాదండీ, నేను," అని కుడికాలు లోపల పెట్టాను.

వదిన మూతి ముడుచుకుని ఓ మూల నిలబడింది. కానీ పాలు పొంగగానే గబగబా వచ్చి స్టవ్ కట్టేసింది. ఆవిడ తత్వం అంతే.

మర్నాడు పూలూ ఆకులూ తీసేసి చూస్తే చెంబు మీద నా వేళ్లు. అటు అయిదూ ఇటు అయిదూ, నల్లగా, విడివిడిగా. వదిన ఊరికి బయల్దేరబోతూ చూసి, "అయ్యో, అంత కష్టపడి తోమావు! కాస్త చింతపండు ఇటివ్వు, నేను రుద్దేస్తాను," అంది. మనసులో ఏమీ పెట్టుకోకుండానే అంది.

"వాటి జోలికి పోకు వదినా," అన్నాను.

చెంబు నిండా నీళ్లు పోసి, గుమ్మంలోంచి రాగానే కనిపించేలా హాల్లో పెట్టాను. ఆ మచ్చలేమిటని ఎవరైనా అడిగితే చెబుతాను, అవి నా చేతులని.